కొరకని దారం

తెర అవతలి నుంచి ఆ అబద్ధం వినిపించేసరికి కత్తెరమ్మ పళ్ళ మధ్య నీలం పట్టుదారం ఉంది.

"మెడ దగ్గర ఈ మడతలు చేత్తో వేసినవేనా? ఎవరు కుట్టారండీ?" అని గాయని అడిగింది. సగం కుట్టిన గౌనుని మొదటిసారి తొడుక్కుని చూడటానికి వచ్చిందావిడ.

"మా కోడలేనండీ. దాని చేతిలో ఏదో ఉంది" అంది కత్తెరమ్మ అక్క.

దారం పుటుక్కున తెగింది. కత్తెరమ్మ నాలుక చివర అంటుకున్న ముక్కని వేలితో తీసి పక్కకి పెట్టింది. కత్తెర ముట్టుకోకుండా రోజంతా పళ్ళతోనే దారాలు తెంపుతుందని ఆ పేరు పెట్టింది బావ. అసలు పేరు కరెంటు బిల్లు మీద కూడా లేదు.

అవతల గాయని గొంతు మళ్ళీ వినిపించింది. "అయితే అమ్మాయ్, నువ్వే మాతో రావాలి. ఇంకోసారి వస్తాను. ఇది వేసుకుని పాడి చూస్తాను. కుదిరిందా, మా బృందం బట్టలన్నీ ఇక్కడే. కానీ కుట్టిన మనిషే రిహార్సల్ హాలుకి రావాలి. స్టేజి మీద చిరిగితే ఫోన్లు చేస్తూ కూర్చోలేను."

కోడలు "అలాగేనండీ" అన్న తీరు, నీళ్ళలో మునుగుతున్న మనిషి అన్నట్టుంది.

కారు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించాక కత్తెరమ్మ తెర తీసుకుని ముందు గదిలోకి వచ్చింది.

"అక్కా, ఆ గౌను ఎవరు కుట్టారు?"

"మనింట్లో కుట్టాం. ఇప్పుడెందుకే రాద్ధాంతం?"

"ఇంటికి చేతులుంటాయా?"

కటింగ్ బల్ల దగ్గర ఇస్త్రీ చేస్తున్న బావ నవ్వాపుకోలేక దగ్గాడు. అక్క అతని వైపు ఒక్క చూపు చూసింది. దగ్గు ఆగిపోయింది.

"నువ్వు ముందుకొచ్చి ఏం చేస్తావే? వచ్చేవాళ్ళంతా పెద్ద పెద్దవాళ్ళు. వాళ్ళ ముందు నువ్వు నోరు తెరిస్తే..." అని అక్క ఆగింది.

"తెరిస్తే?"

"అద్దం అక్కడే ఉందిగా. చూసుకో."

మూడు వైపుల నుంచీ మనిషిని చూపించే అద్దం అది. గిరాకీ వాళ్ళ కోసం పెట్టింది. కత్తెరమ్మ దాని ముందు నిలబడి పై పెదవి ఎత్తింది. ముందు పళ్ళు రెండూ కలిసేచోట అంచు మీద గొయ్యి పడి ఉంది. తలుపు కింద ఎలుక కొరికిన కన్నంలా ఉంది. మూడు అద్దాల్లో మూడు కన్నాలు కనిపించాయి. ఎన్నేళ్ళుగానో ఆమె పెదాలు మూసే నవ్వుతోంది. అలా నవ్వడం తన స్వభావమనే అనుకుంది. స్వభావం కాదది. దాచుకోవడం.

"మళ్ళీ ఆవిడ వచ్చేసరికి ఈ గదిలో నేనుంటాను" అంది అద్దంతోనే.

*

"టైలరువా?" అంది పళ్ళ డాక్టరు, నోట్లోకి చూడగానే.

"ఎలా తెలిసింది?"

"వడ్రంగులు మేకులు పట్టుకుంటారు, వాళ్ళ గుంట వెడల్పుగా ఉంటుంది. నీది సన్నం. దారం పనే." డాక్టరు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుంది. నడివయసు మనిషి. చేతులు ఎంత నెమ్మదిగా కదులుతాయో నోరు అంత వేగంగా కదులుతుంది. "మంచి గుంటే. చక్కగా పాలిష్ పట్టినట్టుంది. నేను చెయ్యమన్నా ఇంత నున్నగా చెయ్యలేను."

"పూడ్చగలరా?"

డాక్టరు సొరుగులోంచి చిన్న పెట్టె తీసింది. లోపల దూది మీద పంటి ఆకారంలో పల్చటి పెంకు ఉంది. "పింగాణీ పొర. గోరంత మందం. పంటికి ముందు నుంచి అంటించి, అంచు మీదుగా కొద్దిగా వెనక్కి మడుస్తాం. అంటుకున్నాక ఏది నీ పన్నో ఏది నా పన్నో ఎవరూ చెప్పలేరు."

"అంటించండి."

"కూర తరిగినంత తేలిగ్గా అంటున్నావే! దీనికి చోటు కావాలంటే నీ పంటిని పైపైన కొంచెం అరగదీయాలి. అరగదీసింది మళ్ళీ రాదు. అది జుట్టు కాదు. ఆ తర్వాత నువ్వు దారం కొరికావనుకో, అంచు ఎగిరిపోతుంది. అప్పుడు నీకు పాత పన్నూ ఉండదు, కొత్త పన్నూ ఉండదు."

"కొరకను."

"ఎప్పటి నుంచి?"

"ఇప్పట్నుంచి."

"సిగరెట్లు కాల్చేవాళ్ళు కూడా ఇదే కుర్చీలో కూర్చుని ఇదే మాట అంటారు." డాక్టరు పెట్టె మూసేసింది. "ఇప్పుడే అరగదీసే మిషన్ ముట్టుకోను. ముందు ఉత్తుత్తి పళ్ళు పెడతాను. నీ పళ్ళ అచ్చు తీసుకుని, మైనంతో ఆ గుంట పూడ్చి, ఆ ఆకారాన్ని మెత్తటి ప్లాస్టిక్ లాంటి మందుతో నీ నోట్లో పోస్తాను. నీ పంటిని గీకేది లేదు. పని మానకుండా, వాటిని విరగ్గొట్టకుండా తిరిగి తీసుకురా. అప్పుడు చూద్దాం."

అచ్చు తీసినప్పుడు నోటి నిండా చల్లటి ముద్ద పెట్టారు. కత్తెరమ్మ కుర్చీ చేతుల్ని పట్టుకుని ముక్కుతో ఊపిరి తీసింది. తర్వాత మైనం ఆరి, అచ్చు తయారయ్యాక మళ్ళీ పిలిచారు. డాక్టరు ఆ అచ్చులో పంటిరంగు ముద్ద నింపి పళ్ళకి అదిమి పట్టుకుంది. గట్టిపడ్డాక అచ్చుని లాగేసి, అంచుల్లో మిగిలిన తునకల్ని సన్నటి కత్తితో గీకింది. చేతికి అద్దం ఇచ్చింది.

అద్దంలో కనిపించింది ఎవరో కాదు, తనే. కానీ గొయ్యి లేని తను. నాలుక అలవాటు చొప్పున వెళ్ళి ఆ గుంటని వెతుక్కుంది. ఖాళీ చేసి వెళ్ళిపోయిన పొరుగింటి తలుపు కొట్టినట్టయింది.

"నవ్వు" అంది డాక్టరు.

"పనయ్యాక నవ్వుతాను" అంది కత్తెరమ్మ.

*

కష్టం మర్నాడు పొద్దున్నే మొదలైంది.

గౌను అంచు కుట్టాలి. ఒక్కో కుట్టూ బయటికి కనిపించకూడదు. ఎడమచేత్తో మడత బిగించి పట్టుకోవాలి. కుడిచేత్తో సూది లాగాలి. దారం అయిపోయే చోట ముడి వేసి తెంపాలి. తెంపేందుకు మూడో చేయి లేదు. ఇన్నేళ్ళూ ఆ మూడో చేయి నోరే.

మొదటి ముడి దగ్గర తల తనంతట తనే వంగింది. దారం పెదవికి తగలగానే వేడి గిన్నె తాకినట్టు వెనక్కి లాక్కుంది. లేచి వెళ్ళి బావ బల్ల పక్క మేకుకి వేలాడే కత్తెర తెచ్చింది. అంత పెద్ద కత్తెరతో అంత చిన్న దారం కత్తిరిస్తుంటే ఏనుగు చేత సూది మోయించినట్టుంది. ఈలోగా మడత జారిపోయింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ లేచింది.

"ఏమే, నడకపోటీకి తయారవుతున్నావా?" అంది అక్క.

"డాక్టరు నడవమందేమోలే" అన్నాడు బావ. "మరదలా, ఆ కత్తెర తిరిగిచ్చేలోపు నాకు గడ్డం పెరిగిపోతోంది."

"గీసుకోవడానికి కత్తెర నా దగ్గరే ఉందిగా బావా, దగ్గరికి రా."

మధ్యాహ్నం భోజనాలప్పుడు కోడలు ఎదురుగా వచ్చి కూర్చుంది. అక్క కొడుకుని కట్టుకుని వచ్చిన పిల్ల. చలాకీది. ముందు గదికి కావలసిన మొహం, మాట రెండూ ఉన్నాయి. కుట్టుపని మాత్రం లేదు.

"చిన్నత్తయ్యా, మీరు నవ్వితే ఎంత బావున్నారో!"

"నేను నవ్వలేదు."

"ఇందాక మావయ్య గడ్డం మాటప్పుడు నవ్వారు. నేను చూశాను." కోడలు గొంతు తగ్గించింది. "నాకు భయంగా ఉంది. ఆవిడ రిహార్సల్‌కి రమ్మంటోంది. అక్కడ కుట్టు విడిపోతే నేనేం చెయ్యను, చప్పట్లు కొట్టనా?"

"మీ అత్తయ్యతో చెప్పలేకపోయావా?"

"చెప్పాను. 'నువ్వు నిలబడు చాలు, వెనక అది ఉందిగా' అన్నారు."

ఆ "అది" తనే. కత్తెరమ్మ ముద్ద నమిలింది. కొత్త పళ్ళతో జాగ్రత్తగా, పక్కలకి తోసి నమిలింది.

*

డాక్టరు దగ్గరికి ధీమాగా వెళ్ళింది. ముందు పళ్ళ మీది పూత చెక్కు చెదరలేదు. డాక్టరు చిన్న అద్దంతో అటూ ఇటూ చూసి, "అబ్బో" అంది. తర్వాత అద్దం ఒక పక్కన ఆగిపోయింది.

"నోరు మూయకు."

సన్నటి కొక్కెంలాంటి పరికరంతో ఎడమవైపు కోరపంటి పక్క సందులోంచి ఏదో లాగింది. తెల్లటి దూది మీద పెట్టి చూపించింది.

నీలం పట్టుదారం. వేలి గోరంత పొడవు.

కత్తెరమ్మ దూది మీదకి వంగి చూసింది. "నేను కొరకలేదు."

"ముందు పళ్ళతో కొరకలేదు. వాటిని కాపాడుకున్నావు. వాటి బదులు పక్కవాటిని పనిలో పెట్టావు. కోరపంటి అంచు చూడు, కొత్తగా చిట్లింది." డాక్టరు గొంతులో వెటకారం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు కాబట్టి ఆశ ఉంది. కానీ ఇవాళ నేను అరగదీయను."

"నాకు తెలియకుండా జరిగింది."

"అందుకే అరగదీయనంటున్నాను. తెలిసి చేసేదైతే మానేస్తావని నమ్మేదాన్ని."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. తనకు తెలియకుండా తన నోరు పనిచేస్తోంది. ఇంట్లో దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అయితే ఈశ్వరుడి వల్ల కాని పనికి ఇంకొకరు కావాలి. ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూసే మనిషి కావాలి.

దారిలో బొత్తాల దుకాణంలో ఆగింది. దారాలు తెంపే చిట్టి కత్తెర ఒకటి కొంది. వేళ్ళు పెట్టే కన్నాల్లేనిది, పిడికిట్లో ఇమిడేది. ఇంటికొచ్చి దాన్ని ఒక నాడాకి కట్టి ఎడమ మణికట్టుకి వేలాడదీసింది.

కోడల్ని పిలిచి ఎదురు పీట మీద కూర్చోబెట్టింది.

"గిరాకీ లేనప్పుడల్లా ఇక్కడే కూర్చో. నా చేతుల్ని కాదు, నోటిని చూడు. దారం గడ్డం దాటి పైకొచ్చిందా, స్కేలుతో నా మోకాలి మీద కొట్టు."

"కొట్టాలా? మిమ్మల్నా?"

"అత్తని కొట్టే అవకాశం ఎంతమంది కోడళ్ళకి దొరుకుతుందే? వాడుకో."

మొదటి దెబ్బ మెత్తగా పడింది. రెండోది ఇంకాస్త గట్టిగా పడింది. సాయంత్రానికి కోడలికి చెయ్యి తిరిగింది. కత్తెరమ్మ మోకాలు ఎర్రబడింది. బావ చూసి, "కోర్టుకెళ్తే నేను సాక్ష్యం చెప్పను, ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే" అన్నాడు.

అలా చూస్తూ చూస్తూ కోడలు నోటితోపాటు కుట్టునీ చూడటం మొదలుపెట్టింది. ముడి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టేది. "ఇక్కడ రెండుసార్లు ఎందుకు తిప్పారు?" అని అడిగేది. కత్తెరమ్మ చెప్పేది. ఒకసారి స్కేలు ఎత్తిన కోడలు కొట్టకుండానే దించేసింది. దారం గడ్డం దాకా రాలేదు. కుడిచెయ్యి తనంతట తానే ఎడమ మణికట్టు వెతుక్కుంది.

"కత్తెరమ్మకి కత్తెరొచ్చింది!" అని అరిచింది కోడలు.

"మెల్లిగా. ఒక్కసారి వస్తే వచ్చినట్టు కాదు" అంది కత్తెరమ్మ. కానీ పెదవి కాస్త ఎత్తే అంది.

*

గాయని చెప్పిన రోజు కాకుండా ముందే వచ్చేసింది.

"ఇటుగా వెళ్తున్నాను, ఒకసారి పాడి చూసేస్తాను" అని ఆమె ముందు గదిలో అంటుంటే లోపల కత్తెరమ్మ ఒళ్ళో గౌను చివరి హుక్కు కుడుతోంది. గబగబా ముగించింది. అక్క వచ్చి గౌను అందుకుంటూ, "నువ్వు లోపలే ఉండు" అంది.

కత్తెరమ్మ లేచి వచ్చి తెర పక్కన నిలబడింది.

గాయని గౌను తొడుక్కుంది. బావుందన్నారు అందరూ. ఆవిడ చేతులు కొద్దిగా చాచి, ఊపిరి నిండా పీల్చి, ఒక పొడుగాటి స్వరం ఎత్తింది. స్వరం సగంలో తెగింది. ఆవిడ పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుంది.

"బిగుస్తోంది. పాడలేను. అమ్మాయ్, ఏం చెయ్యాలి?"

కోడలు గౌను వైపు చూసింది. అక్క వైపు చూసింది. తెర వైపు చూసింది.

"ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుందండీ" అంది అక్క, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

"ఇస్త్రీ నా ఊపిరితిత్తులకా?" అంది గాయని.

కత్తెరమ్మ తెర తోసుకుని వచ్చింది.

"కొలత తీసినప్పుడు ఊపిరి వదిలి ఉన్నారమ్మా. పాడేవాళ్ళకి ఊపిరి పీల్చి ఉన్నప్పుడు తీయాలి. తప్పు మాదే. లోపల ఎక్కువ గుడ్డ మడిచి ఉంచాను. ఇప్పుడే వదులు చేస్తాను."

"మీరెవరు?"

"ఇది కుట్టినదాన్ని."

అక్క చప్పున అందుకుంది. "లోపల పనిచేసే మనిషండీ. ఏదో..."

పనిచేసే మనిషి. ఒకే తల్లి కడుపున పుట్టిన చెల్లెలు. ఇస్త్రీపెట్టె బల్ల మీద నిలబెట్టిన చప్పుడు వినిపించింది. బావ గుమ్మంలోకి వచ్చాడు. కానీ మాట అన్నది ఆయన కాదు.

"ఈవిడ మా చిన్నత్తయ్యండీ" అంది కోడలు. "మొత్తం ఈవిడే కుట్టారు. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా మొన్ననే వచ్చింది."

గాయని అక్క వైపు చూడనైనా లేదు. కత్తెరమ్మ వైపే చూసింది. "ఎంతసేపు పడుతుంది?"

"చేతులెత్తి నిలబడండి."

మోకాళ్ళ మీద కూర్చుంది. చంక కింద నుంచి నడుము దాకా కుట్టు విప్పింది. లోపలి మడతని బయటికి లాగి, "ఇప్పుడు పీల్చండి. ఇంకా. ఇంకా. వదలొద్దు" అంది. గాయని పక్కటెముకలు ఆమె వేళ్ళ కింద తెరుచుకున్నాయి. అక్కడే, ఆ వెడల్పు దగ్గరే బిగించి పట్టుకుని టాకాలు వేసింది. ఒకవైపు అయింది. రెండోవైపు తిరిగింది. చివరి ముడి పడింది.

ఎడమచెయ్యి వదిలితే గుడ్డ జారిపోతుంది. కుడిచేతిలో దారం బిగువుగా ఉంది. పట్టు మొహానికి అరంగుళం దూరంలో ఉంది. నోరు తెరుచుకుంది కూడా. చూసేవాళ్ళెవరికీ అదొక లెక్కలోది కాదు. ఒక్క కొరుకు చాలు.

దారం గడ్డాన్ని తాకింది. ఆమె దవడలో నరం ఒకటి బిగిసింది. నోరు మూసుకుంది. మెడ వెనక్కి లాగి, కుడిచేతి దారాన్ని చిటికెనవేలికి చుట్టి, మిగిలిన వేళ్ళతో మణికట్టు మీది చిట్టి కత్తెర అందుకుంది.

టక్.

"పాడండి."

గాయని పాడింది. ఈసారి స్వరం ఎక్కడా తెగలేదు. గదిలో గుడ్డల తానులు దాన్ని మింగుతున్నా, వీధిలో పోయే వాళ్ళిద్దరు ఆగి లోపలికి చూశారు. పాట ఆపి ఆవిడ అంది: "రిహార్సల్‌కి ఈవిడ వస్తేనే మిగతా బట్టలిస్తాను."

"వస్తాను. ఈ పిల్ల కూడా వస్తుంది" అంది కత్తెరమ్మ, కోడల్ని చూపించి. "కొలత తప్పు తీసింది. సరిగ్గా తీయడం నేర్చుకోవాలి."

*

ఆవిడ వెళ్ళాక అక్క చాలాసేపు టేపు చుట్టింది. చుట్టి విప్పింది. మళ్ళీ చుట్టింది.

"పని దొరికింది. నువ్వే కుట్టావని తెలిసింది. ఇంకా ఆ పళ్ళెందుకే? ఉన్న పన్ను గీయించుకుని..."

"పళ్ళు నావి కదక్కా."

"ఎవరూ నీ నోటి వంక చూడనే లేదు ఇవాళ."

"వాళ్ళు చూడాలని కాదు."

అక్క అలవాటుగా నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసింది. చెల్లెలి ముందు ఆమె అలా తీయడం అరుదు. పై పెదవి పైకి లాగింది. ముందు పళ్ళు దాదాపు సగానికి అరిగిపోయి ఉన్నాయి. చెల్లెలి కన్నా ముందు నుంచి దారం కొరికిన పళ్ళు.

"నేను మాత్రం ఎప్పుడైనా చెయ్యి అడ్డం లేకుండా వాళ్ళ ముందు నవ్వానా? అందుకే ఆ పిల్లని నిలబెట్టా. నిన్ను తక్కువ చేద్దామని కాదు." ఆగింది. "పనిచేసే మనిషి అన్నది మాత్రం... అది నా నోటి దూల."

కత్తెరమ్మ వెంటనే క్షమించలేదు. క్షమించాలన్న తొందర కూడా లేదు. "రేపు నేను డాక్టరు దగ్గరికెళ్తున్నాను. ముందు గది నువ్వు చూసుకో. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా" అంది.

*

ఈసారి డాక్టరు సందుల్లో ఎంత వెతికినా దారం దొరకలేదు. మోకాలు చూపించమని అడగలేదు గానీ కత్తెరమ్మే చీర కాస్త ఎత్తి చూపించి సంగతి చెప్పింది. డాక్టరు పడీ పడీ నవ్వి, మిషన్ చేతిలోకి తీసుకుంది.

పళ్ళు తడి ఆరి రంగు మారకముందే రంగుల పలకలు పక్కన పెట్టి చూసి, మరీ తెల్లనిది వద్దని పక్కపళ్ళ రంగే ఎంచింది. సన్నగా అరగదీసింది. అచ్చు తీసుకుంది. పింగాణీ పొరలు తయారై వచ్చేదాకా తాత్కాలికంగా ఉత్తుత్తి పళ్ళే పెట్టింది. ఆ రోజుల్లో కత్తెరమ్మ రిహార్సల్ హాలుకి వెళ్ళి బృందం అందరి కొలతలూ ఊపిరి పీల్చమని చెప్పి తీయించింది. కోడలు టేపు పట్టింది.

అంటించే రోజున పంటికి పుల్లటి మందేదో రాసి కడిగారు. జిగురు పూసి, రెండు పొరల్నీ ఒక్కొక్కటే చోటులో కూర్చోబెట్టి, నీలం దీపం చూపించారు. అంచుల్లో మిగిలిన జిగురు గీకేసి డాక్టరు కళ్ళజోడు సర్దుకుంది. పల్చటి నీలం కాగితం ముక్కని చిన్న పట్టకారుతో పట్టుకుని ఆమె పళ్ళ మధ్య పెట్టింది. పైపళ్ళు కిందిపళ్ళకి ఎక్కడ ఎక్కువగా తగులుతున్నాయో ఆ కాగితం మరక చెబుతుంది.

"కొరుకు."

కత్తెరమ్మ నోరు తెరిచే ఉంది.

"కొరకమ్మా, ఏమీ కాదు."

కొరుకుదామనే అనుకుంది. దవడ కదల్లేదు. కాగితం పెదవిని తాకుతోంది. దవడ మాత్రం రాయిలా అక్కడే నిలబడి ఉంది. కుడిచెయ్యి కుర్చీ మీద నుంచి లేచి, ఎడమ మణికట్టు మీద ఏదో వెతికింది. అక్కడ ఇవాళ ఏమీ లేదు.

డాక్టరు ఆ చేతిని చూసింది. కాగితం చూసింది. నవ్వబోయి ఆగింది. "ఇది దారం కాదమ్మా" అంది మెత్తగా.

కత్తెరమ్మ కాగితం నోట్లో ఉండగానే, మాట ముద్దగా వస్తుంటే అంది:

"నాకు తెలుసు డాక్టరుగారూ. దవడకి ఇంకా తెలియాలి కదా. ఒక్క నిమిషం ఆగండి."

కళ్ళు మూసుకుంది. తర్వాత, మరొకరి చంటిబిడ్డని ఒళ్ళోకి తీసుకున్నంత జాగ్రత్తగా, పళ్ళు కలిపింది.